చేటెడు తవుడు

మొగుడి కిడ్నీ తనకు పనికిరాదని తేలిన రోజు పెంటమ్మకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం.

హైదరాబాదు దవాఖానలో డాక్టరమ్మ రిపోర్టు బల్ల మీద పరిచి, ఆలుమగలిద్దరికీ తలకెక్కేలా చెప్పడానికి పాపం చాలానే తంటాలు పడింది. పెంటమ్మ రక్తంలోని తేట తీసి, అందులో వెంకటన్న తెల్లకణాలు కలిపి చూశారట. కలిపిన కాసేపటికే కణాలు చచ్చిపోయాయట.

“అన్ని సచ్చినయా మేడం?” అని అడిగాడు వెంకటన్న.

దాదాపు అన్నీ అంది డాక్టరమ్మ. వెంకటన్న తన అరచేతులకేసి చూసుకున్నాడు. పుణెలో పదిహేనేళ్ళు కాంక్రీటు మోసిన చేతులవి. బీపీ లేదు, షుగరు లేదు, రెండు కిడ్నీలూ భేషుగ్గా ఉన్నాయని ఇదే దవాఖానవాళ్ళు పోయిన నెలలో చెప్పారు. ఒకటి తీసి పెళ్ళానికి పెట్టించేస్తానని ఏడాదిగా ఊళ్ళో కనబడ్డవాడికల్లా చెప్పుకుని తిరిగాడు మనిషి.

ప్రతి మనిషి కణాల మీదా వాళ్ళదైన గుర్తు ఒకటి ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. పరాయి గుర్తు ఒంట్లో దూరితే, దాన్ని పట్టి చంపడానికి ఒళ్ళు యాంటీబాడీలను తయారు చేసుకుంటుంది. పెంటమ్మ ఒంట్లో వెంకటన్న గుర్తును పట్టేవి ముందే తయారై కూర్చున్నాయి. ఇప్పుడు ఆయన కిడ్నీ తెచ్చి పెడితే, కుట్లు వేసేలోపే అది నల్లబడి చచ్చిపోవచ్చు.

“ఈయన గుర్తు నా ఒంటికెట్ల తెలిసింది మేడం?” అంది పెంటమ్మ.

డాక్టరమ్మ పిల్లలెందరని అడిగింది. ఇద్దరు, మధ్యలో ఒకటి కడుపులోనే పోయింది. బిడ్డలో సగం తండ్రే కదమ్మా, కడుపుతో ఉన్నప్పుడూ కాన్పప్పుడూ బిడ్డ రక్తం కొంత తల్లి రక్తంలో కలుస్తుంది, కొందరు తల్లుల ఒళ్ళు ఆ గుర్తును ఇక మరిచిపోదు అంది. తర్వాత, రక్తం ఎప్పుడైనా ఎక్కించారా అని అడిగింది.

వెంకటన్న ముఖం విప్పారింది. “రెండుసార్లు ఎక్కిచ్చినం మేడం. రెండు బాటిళ్ళు నాయే. నాది ఓ గ్రూపు, ఎవరికైన పడ్తదన్నరు.”

డాక్టరమ్మ చేతిలో పెన్ను పక్కన పెట్టేసింది. ఆ బాటిళ్ళతో కూడా మొగుడి గుర్తే తన ఒంట్లో దూరిందని పెంటమ్మకు అర్థమైపోయింది.

ఆ రెండు బాటిళ్ళ కథ ఊళ్ళో అందరికీ తెలిసిందే. డయాలసిస్ మొదలైన కొత్తల్లో పెంటమ్మకు రక్తం బాగా తగ్గిపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. రక్తం పెరగడానికి వారం వారం సూది వేసుకోండి, పెరగడానికి నెల రెండు నెలలు పడుతుంది, ఓపిక పట్టండి అని డయాలసిస్ చేసే వనపర్తి దవాఖానలో చెప్పారు. ఓపికెక్కడిది? మా వైపు కూలి చేసుకునేవాళ్ళకు సూది మీద గురి లేదు. ఒంట్లో సత్తువ లేదంటే బాటిల్ ఎక్కాలి, కళ్ళతో చూస్తుండగా చుక్క చుక్కా దిగాలి. అదీ ఎర్రటి బాటిలైతే ఇక చెప్పేదేముంది! వెంకటన్న ఆమెను ఒక ప్రైవేటు నర్సింగ్ హోంకు తీసుకుపోయి, బ్లడ్ బ్యాంకు దాకా ఎందుకు, నాదే తీయండని చెయ్యి చాపాడు. అక్కడివాళ్ళు తీశారు. నెల తిరక్కుండా మళ్ళీ చాపాడు. నా రక్తం తాగి బతుకుతుందిరా అని దోస్తులతో సరసమాడేవాడు. ఆ సరసమే ఇప్పుడు అతని గొంతుకు అడ్డం పడింది.

యాంటీబాడీలను కడిగి తీసేసే వైద్యం ఉంది కానీ, నీకు అవి మరీ ఎక్కువున్నాయి, కడిగినా మళ్ళీ పుట్టుకొస్తాయి, ఆ సాహసం నేను చేయలేనని డాక్టరమ్మ ఖరాఖండిగా చెప్పేసింది. పెంటమ్మ తల్లిదండ్రులు లేరు. ఉన్న ఒక్క తమ్ముడికి షుగరు. హైదరాబాదు నుంచి ఖిల్లా ఘణపూర్ దాకా బస్సులో వెంకటన్న కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. దిగేటప్పుడు మాత్రం, “నేనే నాశనం జేసిన గద” అన్నాడు. పెంటమ్మకు అతని మీద కోపం పోయింది. జాలి పుట్టింది. కానీ జాలితో కిడ్నీ రాదు కదా.

ఇంటి దగ్గర అత్త సత్యమ్మ మేకలకు ఆకు వేస్తూ సంగతంతా విని, మొగుని రక్తమే పడని ఆడదాన్ని నేనెక్కడా చూడలేదని ఒక మాట విసిరింది. సత్యమ్మ నోరు అలాంటిది. మనసులో ఉన్నది నాలుక మీదికి రావడానికి క్షణం పట్టదు.

“పడక గాదత్త,” అంది పెంటమ్మ గడపలోనే నిలబడి. “నీ మనుమన్ని, మనుమరాలిని మోసిన. మోసినందుకే నీ కొడుకు గుర్తు నా ఒంటికి ఎరుకైంది. గొడ్డుదాన్నైతే ఇయ్యాల మంచిగ పడుతుండె.”

సత్యమ్మ చేతిలో కొమ్మ అలాగే ఉండిపోయింది.

పెంటమ్మకు నిండా ముప్ఫై తొమ్మిదేళ్ళు లేవు. పుణె పనుల్లో ఒళ్ళునొప్పులకు గుప్పెడేసి నొప్పి గోలీలు మింగిందనీ, కిడ్నీలు వాటివల్లే పోయి ఉండొచ్చనీ అన్నారు. వారానికి మూడుసార్లు వనపర్తి బస్సెక్కి, నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకుని రావడం రెండేళ్ళుగా ఆమె బతుకు. డయాలసిస్ కోసం చేతి నరానికి రెండుసార్లు ఆపరేషన్ చేసినా రెండుసార్లూ మూసుకుపోయింది. ఇప్పుడు మెడలో పైపు పెట్టారు. దాంట్లో చీము చేరి రెండుసార్లు చలిజ్వరం వచ్చి చావుదాకా పోయొచ్చింది. మెడ పైపుతో ఎక్కువకాలం లాగలేమని డాక్టర్లు ముఖం మీదే చెప్పారు. కొడుకు ప్రశాంత్ ఇంటర్లో ఉన్నాడు, పావని తొమ్మిదిలో. వాళ్ళను ఒక దారికి తేకుండా పోయేది లేదని పెంటమ్మ ఎప్పుడో గట్టిగా అనుకుంది. ఆమె గట్టిగా అనుకుంటే ఇక అంతే.

పదిరోజుల తర్వాత హైదరాబాదు దవాఖాన నుంచి ధనలక్ష్మి ఫోన్ చేసింది. కిడ్నీ ఇచ్చేవాళ్ళతో, తీసుకునేవాళ్ళతో మాట్లాడి కాగితాలన్నీ చూసుకునే ఉద్యోగం ఆమెది. గద్వాల దగ్గర కురుమూర్తి అనే రైతున్నాడట. ఆయన గ్రూపు ఓ. భార్య జములమ్మ ఇస్తానంటోంది కానీ ఆమెది బి, భర్తకు పడదు. పెంటమ్మది బి. జములమ్మ కిడ్నీ పెంటమ్మకు, వెంకటన్న కిడ్నీ కురుమూర్తికి. మార్చుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. జములమ్మ కణాలను పెంటమ్మ రక్తంలో కలిపి చూడాలి, చావకపోతే ముందుకు పోవచ్చు. మీ ఇంట్లో అందరూ ఒప్పుకుంటేనే రండి అంది.

పెంటమ్మ ఫోన్ పెట్టేసరికి ఆమె ఒప్పుకోవడం అయిపోయింది. మిగతావాళ్ళదే రభస.

ఇంట్లో పెళ్ళానికి ఇస్తానంటే సరేనన్నాను గానీ, ముక్కూ మొహం తెలియనివాడికి నా కొడుకు ఒంట్లోది ఎందుకివ్వాలని సత్యమ్మ లేచింది. వాళ్ళు భూములున్నవాళ్ళు, మనం కూలోళ్ళం, పని అయిపోయాక మన మొహం చూస్తారా అంది. ఇచ్చాక వాళ్ళది వెనక్కి తీసుకుంటే ఎవరిని అడగాలంది. వెంకటన్న తల్లికి ఎదురు చెప్పేవాడు కాదు. పైగా అతనికి లోపల ఇంకో బాధ. పెళ్ళాం ఒంట్లో ఉండాల్సిన తన కిడ్నీ ఎవడో పరాయివాడి ఒంట్లో ఉండటం అతనికి మింగుడు పడటం లేదు. అమ్మ వద్దంటే నేను రాలేను అనేశాడు.

పెంటమ్మ రెండు రోజులు ఊరుకుంది. మూడో రోజు డయాలసిస్ నుంచి వచ్చి, బస్సు ఆయాసం కూడా తీరకముందే, వంటింట్లో రొట్టెలు చేస్తున్న అత్త ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. నన్ను ఎందుకు కోడలిగా తెచ్చుకున్నావో చెప్పమని అడిగింది.

ఎందుకో సత్యమ్మకు తెలుసు. నాగర్‌కర్నూల్ పక్క పల్లెలో పెంటమ్మ తల్లికి మొదటి ఇద్దరు పిల్లలూ పుట్టి పుట్టగానే పోయారు. మూడోది పుట్టగానే మంత్రసాని ఆ పసిగుడ్డును తీసుకుపోయి ఇంటెనక పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. ఇది మాది కాదు, మాది కాదు, మాది కాదు అని తల్లి మూడుసార్లు అంది. గాజులమ్ముకుంటూ వచ్చిన ఖాసింబీ బిడ్డను ఎత్తుకుని, నాకు దొరికిందంటూ ఒళ్ళో పెట్టుకుంది. తల్లి చేటెడు తవుడు ఆమె కొంగులో పోసి బిడ్డను కొనుక్కుంది. కన్నవాళ్ళది కాదంటే చావు దాని జోలికి రాదని నమ్మకం. అలా కొన్న పిల్లకు పెంటమ్మని పేరు పెట్టుకున్నారు. పెళ్ళిచూపులప్పుడు ఈ కథ వినే సత్యమ్మ మనసు పడింది. పెంట మీద పిల్ల గట్టిపిండం, నా కొడుకు దగ్గర నిలబడుతుంది అంది.

“గా రోజు మా అవ్వ నాది నాది అని పట్టుకొని కూసుంటే నేను బతకకపోతుంటి,” అంది పెంటమ్మ. “వదిలిపెట్టింది కాబట్టే బతికిన. నువ్వు గూడ జర వదిలిపెట్టత్త. నాకు ఇంకేం అక్కర లేదు.”

సత్యమ్మ పెనం మీది రొట్టె మాడిపోయింది. చూసుకోలేదు. రెండు రోజులు మేకల వెంట తిరిగి తిరిగి, మూడో రోజు పొద్దున వచ్చి తన తీర్పు చెప్పింది. ఊరికే తెచ్చుకుంటే పరాయిది పడదు. కొనుక్కుంటే పడుతుంది. గద్వాలకు పోదాం, తవుడు పట్టుకుని.

వెంకటన్న నవ్వబోయి తల్లి ముఖం చూసి ఆగిపోయాడు. పెంటమ్మకు నవ్వు రాలేదు. పెద్దామె ఒప్పుకుంది, ఏ దారిన ఒప్పుకుంటే ఏమిటి?

కురుమూర్తిది గద్వాల నుంచి అయిజ పోయే దారిలో ఊరు. రెండెకరాల్లో విత్తన పత్తి వేస్తారు. మనిషి ఎండిపోయి, కాళ్ళు మాత్రం నీరుపట్టి, మంచం మీద కూర్చుని ఉన్నాడు. సత్యమ్మ ఒకప్పుడు ఈ వైపు విత్తనం కోసం పత్తిపూలకు పుప్పొడి అద్ది ముడివేసే కూలికి వచ్చిన మనిషే. రైతుల ఇంటి మంచం మీద కూర్చోవడానికి ఇప్పటికీ కాళ్ళు రాలేదు. జములమ్మ ఆమె రెక్క పట్టుకుని లాగి మంచం మీద కూర్చోబెట్టింది. తవుడు సంగతి వినగానే ఆమె ముఖంలో ఆశ్చర్యమేమీ కనబడలేదు.

“హౌదవ్వా, మా చిన్నాయినను గూడ గట్లనే కొన్నరు,” అని తలూపింది.

సత్యమ్మ చేటెడు తవుడు జములమ్మ కొంగులో పోసింది. జములమ్మ ఎడమచెయ్యి నడుము మీద పెట్టుకుని, పెంటమ్మ కళ్ళలోకి చూస్తూ, నాది కాదు, నాది కాదు, నాది కాదు అని మూడుసార్లు అంది. యాంటీబాడీల సంగతి ఆమెకు తెలుసు, తవుడుకు అవి భయపడవనీ తెలుసు. అయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తనను కన్న తల్లి గొంతు ఆమెకు గుర్తు లేదు. ఇలాగే ఉండి ఉంటుందనుకుంది.

తర్వాత జములమ్మ తన ఇంటి చేటతో తవుడు తెచ్చి సత్యమ్మ కొంగులో పోసింది. ఇప్పుడు నువ్వనవ్వా అంది. సత్యమ్మ తవుడు మూట కట్టుకుంది. నోరు మాత్రం తెరవలేదు. కురుమూర్తి ఆమెనే చూస్తున్నాడు. వెంకటన్న, “అనరాదే అమ్మా” అని గొణిగాడు. ఆమె లేచి, బస్సు టైమైందని బయటికి నడిచింది. పెంటమ్మకు తల కొట్టేసినట్టయింది. దారంతా ఆ మూట సత్యమ్మ ఒళ్ళోనే ఉంది. ఇంటికొచ్చాక మేకలకు పెట్టనూ లేదు, పారబోయనూ లేదు, దూలానికి వేలాడదీసింది.

హైదరాబాదులో పరీక్ష చేశారు. పెంటమ్మ రక్తపు తేటలో జములమ్మ కణాలు నిక్షేపంగా బతికే ఉన్నాయి. ఆమె గుర్తు పెంటమ్మ ఒంటికి ఎన్నడూ తగలలేదు, అందుకని దాని మీద పగ లేదని డాక్టరమ్మ చెప్పింది. వెంకటన్న కిడ్నీ కురుమూర్తికి సరిపోయింది. ఇక మిగిలింది అనుమతి కమిటీ.

కమిటీ ముందు అడిగింది అడిగినట్టు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి, భయపడి ఒక్క అబద్ధం కూడా చెప్పొద్దని ధనలక్ష్మి వంద జాగ్రత్తలు చెప్పింది. కిడ్నీ అమ్మినా కొన్నా జైలే కాబట్టి వాళ్ళు గుచ్చి గుచ్చి అడుగుతారంది. సత్యమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. కొంప మునిగింది అక్కడే.

కెమెరా పెట్టిన గదిలో ఐదుగురు కూర్చున్నారు. ముందు పెంటమ్మను, పక్కన సత్యమ్మను కూర్చోబెట్టి అడిగారు. మీ అబ్బాయి కిడ్నీ ఎవరికి పోతుందో మీకు తెలుసా అన్నారు. తెలుసంది సత్యమ్మ. మీకు వచ్చేది ఎవరిదో తెలుసా అన్నారు. తెలుసంది. దీనికోసం ఎవరైనా ఎవరికైనా ఏమైనా ఇచ్చారా అన్నారు.

“ఇయ్యకుండ ఎట్ల సారు? కొనుక్కున్నం,” అంది సత్యమ్మ.

రాసుకుంటున్న పెద్దమనిషి కళ్ళజోడు తీసి, ఏమిచ్చి కొన్నారమ్మా అని మెల్లగా అడిగాడు. చేటెడు తవుడని చెప్పింది సత్యమ్మ. వాళ్ళూ మాకు చేటెడిచ్చిండ్రని కూడా కలిపింది.

వాళ్ళిద్దరినీ బయటికి పంపి, ఆ వైపు జములమ్మను పిలిచి అదే అడిగారు. ఆమెకు ఏ సంగతీ తెలియదు. పుచ్చుకున్నానంది. తవుడు ఏం చేశావంటే, కుడితిలో కలిపి బర్రెకు పెట్టానంది. నీ కిడ్నీని తవుడుకు అమ్మావా అని ఒకాయన గద్దించాడట.

“అమ్ముడు గాదు సార్, వదులుకునుడు,” అందట జములమ్మ. “నాదే నాదే అనుకుంటుంటే గామె ఒంట్ల ఎట్ల నిలుస్తది?”

మళ్ళీ పెంటమ్మను పిలిచారు. ఈసారి ఒక్కదాన్నే. మెడ పైపు మీద కొంగు కప్పుకుని నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. కూర్చుంటే మాట తడబడుతుందని భయం. నువ్వు చదువుకున్నదానిలా కనబడుతున్నావు, తవుడు ఇస్తే యాంటీబాడీలు ఆగుతాయని నువ్వూ నమ్ముతున్నావా అని అడిగింది కమిటీలో ఉన్న ఒక డాక్టరమ్మ.

“తవుడుకు ఆగవు మేడం. గోలీలకు ఆగుతయి. జీవితాంతం పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి ఏసుకోవాలె, నాకు తెలుసు,” అంది పెంటమ్మ. “తవుడు మా అత్త కోసం. గామె కొడుకును కోస్తమంటున్నరు. గామెకు ధైర్యం ఎక్కడికెళ్ళి రావాలె? నన్ను పుట్టంగనే గిట్లనే కొన్నరు. నా ఆధార్ కార్డు చూడుండ్రి, పెంటమ్మ అని ఉంటది. నన్ను కొన్నందుకు మా అవ్వను జైల్ల పెట్టలె గదా మేడం.”

ఆమె ఆధార్ కార్డు చేతులు మారింది. కళ్ళజోడు పెద్దమనిషి చాలాసేపు ఏదో రాసుకున్నాడు. మీ ఊళ్ళ నుంచి విచారించి చెబుతాం, వెళ్ళండి అన్నారు.

ఆ ఇరవై రోజులు ఎలా గడిచాయో పెంటమ్మకే తెలుసు. రెవెన్యూవాళ్ళు ఊరికొచ్చి ఇరుగుపొరుగును అడిగిపోయారు. గద్వాలలో కురుమూర్తి అన్నదమ్ములు, పోలీసు కేసవుతుంది, మనకొద్దని పట్టుబట్టారు. జములమ్మ వినలేదు. మధ్యలో పెంటమ్మకు మళ్ళీ చలిజ్వరం వచ్చింది. దుప్పట్లు కప్పుకుని వణుకుతూ కూడా, ఫోన్ మోగితే నాకే ఇయ్యండని చెప్పి తలకింద పెట్టుకుని పడుకుంది. సత్యమ్మ ఒక మూల కూర్చుని, నా నోరు పడిపోనూ అని తనను తాను తిట్టుకుంది. ఇరవై ఒకటో రోజు ధనలక్ష్మి ఫోన్ చేసింది. అనుమతి వచ్చింది. తవుడు సంగతి కూడా కాగితంలో రాశారట, ఆచారమని.

ఒకరు ఇచ్చాక ఇంకొకరు వెనక్కి పోకుండా, నలుగురినీ ఒకే పొద్దున ఆపరేషన్‌కు తీసుకుపోయారు. పెంటమ్మకు మెలకువ వచ్చేసరికి సాయంత్రమైంది. మంచం పక్కన సంచీలో పచ్చగా నీళ్ళు నిండుతున్నాయి. నర్సు వచ్చి సంచీ మార్చి, ఇది మూడోది అంది. రెండేళ్ళుగా చుక్క మూత్రం కూడా రాని మనిషి. అప్పుడు ఏడ్చింది పెంటమ్మ, కుట్లు నొప్పిపుట్టేలా ఏడ్చింది. ఆయనకెట్లుంది, కురుమూర్తికెట్లుంది అని అడిగింది. అందరికీ బాగుందన్నారు.

ఏడో రోజు కురుమూర్తికి సంచీలో నీళ్ళు తగ్గాయి. ఎనిమిదో రోజు ఇంకా తగ్గాయి. సూదితో ముక్క తీసి చూసి, ఒళ్ళు కొత్త కిడ్నీ మీదికి తిరగబడుతోందని చెప్పారు. మూడు రోజులు గట్టి మందు ఎక్కిస్తాం, లొంగితే లొంగినట్టు, లేకపోతే కష్టమన్నారు. వెంకటన్న కుట్ల మీద చెయ్యి పెట్టుకుని గోడకానుకుని కూర్చుండిపోయాడు. తను ఇచ్చింది ఇటు పెళ్ళానికీ కాకుండా, అటు ఆయనకూ కాకుండా పోతోంది. జములమ్మ వరండాలో సత్యమ్మకు ఎదురుపడింది. గద్వాలలో అనని మాట గురించి ఆమె ఎత్తలేదు. ఒకసారి చూసి, తల వంచుకుని పోయింది. ఆ చూపు పెంటమ్మ చూసింది, సత్యమ్మా చూసింది.

మరుసటి రోజు పొద్దున పెంటమ్మను మూతికి గుడ్డ కట్టి మెల్లగా నడిపిస్తుంటే, కురుమూర్తి గది అద్దం ముందు అత్త నిలబడి కనబడింది. చేతిలో దూలానికి వేలాడదీసిన ఆ తవుడు మూట. ఇంటి దగ్గర్నుంచి సంచీ అడుగున పెట్టుకొచ్చిందన్నమాట. పెంటమ్మ ఆగిపోయింది. పిలవలేదు.

“నాది కాదు,” అంది సత్యమ్మ అద్దంతో. మూట గట్టిగా పట్టుకుని మళ్ళీ అందుకుంది. “నాది కాదు. నాది కాదు.” మూడూ అయ్యాక ముఖం గోడకు తిప్పుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కన్న కొడుకు ఒంట్లో నుంచి తీసిన దాన్ని ఆమె అప్పుడు వదిలిపెట్టింది, అంతకుముందు కాదు. పెంటమ్మ గోడ పట్టుకుని దగ్గరికి నడిచి, అత్త భుజం మీద చెయ్యి వేసింది. ఈ మనిషి మీద తను ఎన్నిసార్లు కోపం పెంచుకుందో గుర్తొచ్చి సిగ్గేసింది.

మూడో రోజు మందు ఎక్కాక కురుమూర్తికి సంచీలో నీళ్ళు పెరిగాయి. ఐదో రోజుకు రిపోర్టు దారికొచ్చింది. మందు బాగా పనిచేసిందని డాక్టర్లు చెప్పారు. మందే పనిచేసిందని పెంటమ్మకూ తెలుసు. అత్తకు మాత్రం ఆ మాట చెప్పలేదు, ఎవరినీ చెప్పనివ్వలేదు.

కురుమూర్తిని గదిలోంచి బయటికి తెచ్చిన రోజు అతను చక్రాల కుర్చీలో వెంకటన్న మంచం దగ్గరికి వచ్చాడు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఊరికే కూర్చున్నారు. గోడ గడియారం తొమ్మిది కొట్టింది. పెంటమ్మ తన గోలీలు నోట్లో వేసుకుంది. సత్యమ్మ నీళ్ళ గ్లాసు పట్టుకుని కొడుకు మంచం పక్కనుంచి లేచింది. కొడుకును దాటి వచ్చి గ్లాసు కురుమూర్తి చేతిలో పెట్టింది.

“గోలీలు ఏసుకున్నవా కొడుకా?” అంది.